పైకప్పు, ఆర్సీ, కంచు ముక్క: చెన్నైలో పాత స్పోర్ట్స్ కారు కొనడం

పోయిన సంక్రాంతికి మా పిన్ని కొడుకు ఇంటికొచ్చాడు. ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకా పెళ్లి కాలేదు, చేతిలో నాలుగు డబ్బులున్నాయి. భోజనాలయ్యాక ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. ఎర్రటి రంగు, రెండు తలుపులు, పైకప్పు లేదు. "అన్నయ్యా, 1966 మోడల్ స్పోర్ట్స్ కారు. ఆరు లక్షలంటున్నాడు. రేపు అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటున్నా" అన్నాడు.

కారు చూడగానే నాకు అర్థమైంది. అది స్టాండర్డ్ హెరాల్డ్. మన చెన్నైలోనే తయారైంది. పైకప్పు తరవాత ఎవరో తీసేశారు.

వాడిని రెండే ప్రశ్నలు అడిగాను. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరూ, బండిలో ఉన్న ఇంజిన్ నంబరూ ఒకటేనా? హెరాల్డ్‌ని ఏళ్లతరబడి నడిపిన మనిషెవరైనా ఈ బండిని చూశారా? రెండిటికీ వాడి దగ్గర జవాబు లేదు. ఇలా మోజు పడి, ఆ తరవాత షెడ్డులో పెట్టి, చివరికి అయినకాడికి అమ్ముకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లందరూ కారు ముందు కొన్నారు, ఆ కారు తెలిసిన మనుషులను తరవాత వెతుక్కున్నారు. ఆ వరస తిరగబడాలని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే కొన్ని చిక్కులు విప్పాలి.

మన దగ్గర దొరికే స్పోర్ట్స్ కారు ఏది?

స్వాతంత్ర్యం వచ్చాక కార్ల దిగుమతి మీద ఆంక్షలు పెరిగిపోయాయి. ఎంజీ, ట్రయంఫ్, జాగ్వార్ లాంటి అసలు సిసలు స్పోర్ట్స్ కార్లు అంతకు ముందు వచ్చినవి, లేదంటే విదేశీ దౌత్యవేత్తలు తెచ్చుకుని, వెళ్లిపోతూ ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మేసినవి. అవి తక్కువ. ఉన్నవి తెలిసిన కుటుంబాల్లో ఉన్నాయి. చేతులు మారినా ఆ లోపలి వాళ్ల మధ్యే మారతాయి, ధర కూడా మామూలు ఉద్యోగికి అందదు.

అందేది హెరాల్డ్. బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారు ఇది. గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి. ఆ రోజుల్లో చాలా కార్లు బాడీ, ఛాసిస్ (బండిని మోసే కింది ఉక్కు చట్రం) కలిపి ఒకే డబ్బాలా చేసే పద్ధతికి మారుతుంటే హెరాల్డ్‌కు మాత్రం విడిగా ఛాసిస్ పెట్టారు. బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగుస్తుంది. ఈ ఒక్క నిర్ణయం వల్లే ఆ ఛాసిస్‌ను పొట్టిది చేసి, దాని మీద 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తీయగలిగారు. దాన్ని గీసింది కూడా మికెలోట్టీయే. ముందు సస్పెన్షన్, స్టీరింగ్, మొత్తం ముందుకి లేచే బానెట్, ఇవన్నీ రెండిటికీ ఒకే వంశం. అంటే తాంబరం దాటాక పెరుంగళత్తూరు వైపు ఉన్న స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఫ్యాక్టరీలో 1961 నుంచి తయారైన హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌కి సాక్షాత్తూ అన్నగారు. హెరాల్డ్‌లో తరవాత వచ్చిన నాలుగు తలుపుల మార్క్ త్రీ మోడల్ అయితే మన దేశంలో తప్ప ఇంకెక్కడా తయారు కాలేదు.

948 సీసీ ఇంజిన్ కదా, ఇది స్పోర్ట్స్ కారేంటి అంటారు కొందరు. షోళవరం ఎయిర్‌స్ట్రిప్ మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రేసులు నడిపిన రోజుల్లో మన వాళ్ల చేతికి అందిన బండ్లు హెరాల్డ్, ఫియట్, అంబాసిడరే. ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ 1990లో వచ్చేదాకా దక్షిణాది కుర్రాళ్లు రేసు నేర్చుకున్నది ఇలాంటి బండ్ల మీదే. నా దృష్టిలో అది చాలు.

ఆ పైకప్పు కథ

హెరాల్డ్ సెడాన్ పైకప్పు కూడా బోల్టుల మీదే నిలబడుతుంది. పానా పట్టుకుంటే ఒక పూటలో ఊడదీయొచ్చు. అందుకే చాలా హెరాల్డ్‌లు పెళ్లి ఊరేగింపుల కోసమో, ఫొటోల కోసమో, ఎక్కువ ధర పలుకుతుందనో ఓపెన్ టాప్ అయిపోయాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆర్సీలో బాడీ రకం సెలూన్, అంటే కప్పున్న కారు, అని ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్లిన రోజున ఇన్‌స్పెక్టర్ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. అంతకన్నా ముఖ్యం, పాత వాహనాలకు ప్రత్యేకంగా ఇచ్చే రిజిస్ట్రేషన్‌కి బండి అసలు రూపంలో ఉండాలన్నది మొదటి షరతు. అందం కోసం కప్పు తీసిన చోటే ఆ అర్హతకు గండి పడుతుంది.

వింటేజ్ అనే మాట మూడు రకాలు

అందరూ ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఇంగ్లండ్ కార్ల ప్రేమికుల లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా తయారైనవి. ఫీవా అనే అంతర్జాతీయ సమాఖ్య వింటేజ్ అనదు, చారిత్రక వాహనం అంటుంది. కనీసం 30 ఏళ్లు నిండాలి, అసలు రూపంలో కాపాడి ఉండాలి, రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. మన చట్టం మూడోది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేని కారు గానీ మోటార్ సైకిల్ గానీ వింటేజ్. కాబట్టి 1966 హెరాల్డ్‌ని క్లబ్బులో పెద్దాయన క్లాసిక్ అంటాడు, ఆర్టీవో కాగితం వింటేజ్ అంటుంది. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు.

ఈ కొత్త నిబంధనలో రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తరవాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబరులో రాష్ట్రం కోడ్ తరవాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఇప్పటికే రిజిస్టర్ అయిన బండి తన పాత నంబరు నిలుపుకోవచ్చు. వినడానికి గౌరవంగా ఉంది కదా అని చాలామంది దీనికి ఎగబడతారు. కానీ ఇందులో ఒక కట్టుబాటు ఉంది. ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలు పోయించడానికో, రిపేరుకో తప్ప రోడ్డు మీదకు తీయకూడదు. ఆదివారం పొద్దున్నే ఈసీఆర్ మీద మహాబలిపురం దాకా ఊరికే వెళ్లి కాఫీ తాగి రావాలనుకునేవాడికి అది సంకెల.

రెండో దారి మామూలు ఆర్సీనే కొనసాగించడం. మొదటి 15 ఏళ్ల తరవాత ప్రతి ఐదేళ్లకోసారి ఎఫ్‌సీ చేయించి పునరుద్ధరించాలి. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన బండ్ల పునరుద్ధరణ ఫీజు రెట్టింపు చేసింది. ఇక్కడ తయారైన కారుకి 10,000, దిగుమతి అయిన కారుకి 80,000. ఇప్పుడు పదేళ్లకు లెక్క వేయండి. హెరాల్డ్‌కి మామూలు దారిలో రెండుసార్లు కలిపి 20,000, వింటేజ్ దారిలోనూ 20,000. తేడా లేదు, కాబట్టి స్వేచ్ఛగా తిప్పుకోగలిగిన మామూలు ఆర్సీయే మేలు. అదే ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంజీ అయితే మామూలు దారిలో 1,60,000, వింటేజ్ దారిలో 20,000. అక్కడ వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి అర్థముంది. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ లాంటివి ఈ లెక్కలో కలపలేదు, అవి వేరే.

ఢిల్లీ చుట్టుపక్కల 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద పెట్టిన నిషేధం తమిళనాడుకు లేదు. ఆ వార్త చూపించి టెన్షన్ పెట్టి తక్కువకు కొట్టేసే బ్రోకర్లున్నారు, జాగ్రత్త.

ఆర్సీ బుక్కు

రేకు కుళ్లిపోతే మార్చుకోవచ్చు. కాగితం కుళ్లిపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

మనవాళ్లకు బండ్లు ఎక్కువగా నెల్లూరు, గూడూరు, గుంటూరు వైపు పాత ఇళ్ల షెడ్లలోంచి వస్తాయి. నా హెరాల్డ్ అలా గూడూరు నుంచి వచ్చిందే. ఆర్సీ ఎప్పుడో కాలం చేసిన పెద్దాయన పేరు మీద ఉంది. యజమాని చనిపోతే ఫారం 31 మీద ముందు వారసుడి పేరుకు మారాలి, మిగతా వారసులు ఒప్పుకోవాలి. ఆ తరవాతే 29, 30 ఫారాలతో మన పేరుకు వస్తుంది. రాష్ట్రం దాటుతుంది కాబట్టి ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. వారసులు మూడు ఊళ్లలో ఉన్నారు. అప్పటి రికార్డు చేతిరాత రిజిస్టర్‌లో ఉంది, కంప్యూటర్‌లోకి ఎక్కించలేదు. ఆఫీసులో ఆ రిజిస్టర్ వెతికి, పాత వివరాలు వాహన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులోకి ఎక్కించి, ఎన్ఓసీ నా చేతికొచ్చేసరికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ బండి కదల్లేదు. డబ్బు మాత్రం మొదటి రోజే పూర్తిగా ఇచ్చేశాను. కాగితం మన పేరుకు వచ్చేదాకా సగానికి మించి ఇవ్వకూడదని అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు.

ఇంకో బాధ కూడా ఉంది. వేరే రాష్ట్రానికి శాశ్వతంగా మారిస్తే కొత్త రాష్ట్రం నంబరు వస్తుంది. 1989కి ముందు నాటి మూడక్షరాల ఆంధ్రా నంబరు పోయి టీఎన్ నంబరు వచ్చిన రోజు నేను నిజంగా బాధపడ్డాను. పాత నంబరు మీద ప్రేమ ఉంటే ఈ రాష్ట్రంలోనే రిజిస్టర్ అయిన బండి వెతుక్కోండి.

నంబర్లు కంటితో చదివి వదిలేయకండి. నంబరు చెక్కిన చోట శుభ్రంగా తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. కంటికి కనిపించని దిద్దుబాట్లు ఆ అచ్చులో తెలుస్తాయి. ఛాసిస్ నంబరున్న రేకు రివెట్లు కొత్తగా మెరుస్తుంటే ఎందుకని అడగండి. పాత హెరాల్డ్‌లలో చాలావాటికి ఎప్పుడో వేరే ఇంజిన్ పెట్టేశారు. అది ఆర్సీలో ఎక్కించకపోవడమే సమస్య.

అయస్కాంతం, పానా, పాత గ్రీజు

మరుసటి ఆదివారం మావాడితో కలిసి పోరూరు దగ్గర ఆ షెడ్డుకు వెళ్లాను. తోడుగా, పాత బండ్ల విడిభాగాలు దొరికే పుదుపేటలో నలభై ఏళ్లు పనిచేసిన తెలుగు మేస్త్రి ఒకాయన్ని తీసుకెళ్లాను. ఆయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, పాత బనియను గుడ్డలో చుట్టి, ముందు మడ్‌గార్డు మీద పెట్టాడు. అంటుకుంది. తలుపు కింద అంచు దగ్గర పెట్టాడు. జారి కింద పడింది. అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో యాభై ఏళ్ల రేకు అలా ఉండటం వింత కాదు. ఆ తుప్పు ఛాసిస్‌లోకి దిగిందా లేదా అన్నదే ముఖ్యం. హెరాల్డ్ ఛాసిస్ నుంచి పక్కలకు చేతుల్లా చాచిన దూలాలుంటాయి. బాడీ బరువు వాటి మీద కూర్చుంటుంది. మేస్త్రి కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. ఎడమవైపు దూలంలోకి అది సగం దిగిపోయింది.

తరవాత నట్ల వైపు చూడమన్నాడు. "బాబూ, ఈ మూలలు చూడండి, అన్నీ గుండ్రంగా అరిగిపోయాయి. మిల్లీమీటర్ పానాతో తిప్పారు." ఈ కారు నట్లన్నీ అంగుళాల లెక్క. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. మన దగ్గరుండే 13 పానా దానికి పట్టినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే జారి మూల అరుగుతుంది. ఆ అరుగుదల కనిపిస్తే బండి మీద పనిచేసినవాడికి ఆ బండి తెలియదని అర్థం. నేను వంద ప్రశ్నలడిగినా అమ్మేవాడి నోట రాని సమాధానం అది.

అసలు ప్రమాదం ముందు చక్రం దగ్గరుంది. హెరాల్డ్‌లో, స్పిట్‌ఫైర్‌లో ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ కింది చివర మరలు ఉంటాయి. అది ఒక కంచు ముక్కలోకి దిగి ఉంటుంది. దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఉక్కు ఆ కంచులో తిరుగుతుంది. దానికి గ్రీజు పెట్టకూడదు, ఈపీ 90 గేర్ ఆయిల్ కొట్టాలి. గ్రీజు మరల్లోపలికి పారదు, పైన గట్టిపడి నీళ్లను లోపలే బంధిస్తుంది. ఉక్కు తుప్పు పట్టి, ఒకరోజు మలుపులో విరుగుతుంది. చక్రం మడుచుకుని మడ్‌గార్డులోకి దూరుతుంది. మన వర్క్‌షాపుల్లో నిప్పుల్ (నూనె, గ్రీజు ఎక్కించే చిన్న మూతి) కనిపిస్తే గ్రీజు గన్ పెట్టడం అలవాటు. నా బండికి కూడా ఒక పెద్ద వర్క్‌షాపులో పుణ్యానికి అన్నట్టు గ్రీజు నింపి పంపారు. క్లబ్బులో ఒక పెద్దాయన బండి కింద చెయ్యి పెట్టి, వేలికంటిన గ్రీజు చూపించి, "దీన్ని ఇంటికి కూడా నడపొద్దు" అన్నారు. విప్పి చూస్తే మరల మధ్య ఎర్రటి తుప్పు, ఒక పక్క సన్నటి గీత. ఆ ఒక్క మాట చెప్పే మనిషి లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా ఇష్టపడను.

వెనక చక్రాలది వేరే గుణం. రెండూ విడివిడిగా ఊగే యాక్సిళ్లు. మలుపులో వేగంగా వెళ్తూ భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేసినా, బ్రేకు తొక్కినా వెనక భాగం పైకి లేచి బయటి చక్రం లోపలికి మడుచుకుంటుంది. తొలి స్పిట్‌ఫైర్‌లలోనూ ఇదే గుణం. 1970లో వచ్చిన మార్క్ ఫోర్‌లో స్ప్రింగ్ మార్చి సరిచేశారు. వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి, లోపలికి వెళ్లాక కాదు. చేతిలో పెట్టి నేర్పేవాళ్లుంటే అరగంటలో వస్తుంది.

షెడ్డులో ఆఖరున డిక్కీలో స్టెప్నీ గుంట చూశాం. మూలల్లో మెత్తటి ఒండ్రు పొర. 2015 డిసెంబరు వరదల్లోనో, 2023 మిచాంగ్ తుపానులోనో నీళ్లలో మునిగిందన్నమాట. మునిగిన బండి వైరింగు మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఆ కాలం బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. తెలియనివాడు ఇప్పటి కార్లలా మైనస్ బాడీకి బిగిస్తే ఛార్జింగ్ సరంజామా దెబ్బతినొచ్చు.

మావాడు అడ్వాన్స్ ఇవ్వలేదు.

ఇప్పటి పెట్రోలు

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. పాత ఇంజిన్ల వాల్వు సీట్లు మెత్తటి ఇనుము, వాటికి ఆ సీసమే రక్షణ. ఎప్పుడైనా ఇంజిన్ పై భాగం (హెడ్) దింపితే గట్టి సీట్లు వేయించుకోవడం మంచిది, లేత్ షాపులో అయ్యే పనే. ఇప్పుడు వచ్చిపడిన సంగతి పెట్రోలులో కలుపుతున్న 20 శాతం ఇథనాల్. అది పాత రబ్బరు పైపులను, కార్బ్యురేటర్ వాషర్లను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చెన్నై తేమలో రెండు నెలలు కదలని బండి ట్యాంకు అడుగున తుప్పు పట్టే ప్రమాదం ఉంది. పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే కొత్త రకానికి మార్చేయండి, బండిని వారానికోసారి తిప్పండి. ఇంజిన్ వేడిలో పాత పైపు చిట్లితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్స్ ఒక్క మాటలో: ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకోవాల్సిందే. ఫొటోలు, బిల్లులు, క్లబ్బు పెద్దల అంచనా చేతిలో ఉంటే ఆ మాటకు బలం ఉంటుంది.

మనుషులు

చెన్నైలో మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్, హిస్టారికల్ కార్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉన్నాయి. బండి ఉన్నవాళ్లకే ప్రవేశం అనుకుని చాలామంది దూరంగా ఉండిపోతారు. ప్రదర్శన జరిగిన రోజు వెళ్లి, బానెట్ ఎత్తిన కారు దగ్గర నిలబడి, ఒక్క మంచి ప్రశ్న అడిగి చూడండి. ఆ యజమాని మీతో గంట మాట్లాడతాడు. ఎవరి దగ్గర ఏ స్పేర్ ఉంది, పుదుపేటలో ఎవరు పాత సరుకు దాచారు, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఏ కొట్టువాడికి పాత పార్ట్ నంబర్లు నోటికి వచ్చు, ఏ బండి త్వరలో అమ్మకానికి రాబోతోంది, ఇవన్నీ అక్కడ నోటిమాటగా నడుస్తాయి. మంచి బండ్లు ప్రకటనల దాకా రావు. ముసలాయన తన కారును ఎక్కువ డబ్బిచ్చేవాడికంటే, ట్రనియన్‌లో నూనె పోస్తాడని నమ్మకం ఉన్నవాడికే ఇస్తాడు. నేను ఇది రెండుసార్లు కళ్లారా చూశాను.

ఈ వలయం ఊరితో ఆగదు. స్పిట్‌ఫైర్ 1980 దాకా తయారైంది, లక్షల్లో అమ్ముడైంది. ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లు బ్రిటన్‌లో వేలమంది ఉన్నారు కాబట్టి ట్రనియన్లు, బుష్‌లు, బ్రేకు సామాను అక్కడ కొత్తగా తయారవుతూనే ఉన్నాయి. స్టాండర్డ్ కంపెనీ 1980ల చివర్లో కార్లు ఆపేసినా, మన హెరాల్డ్ ఇంకా రోడ్డు మీద ఉందంటే ఆ తమ్ముడి చలవే. నలుగురు కలిసి ఆర్డర్ పెడితే కొరియర్, కస్టమ్స్ ఖర్చు పంచుకోవచ్చు. ఒంటరిగా తెప్పించుకుంటే చిన్న బుష్‌కి కూడా గుండె గుభేల్‌మంటుంది.

మావాడు ఇప్పుడు ఏడు నెలలుగా ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఇంకా కారు కొనలేదు. మైలాపూరులో ఒకరి దగ్గర తెల్ల రంగు మార్క్ టూ హెరాల్డ్ ఉంది, పైకప్పు చెక్కుచెదరలేదు, ఒకే కుటుంబం చేతిలో ఉంది. వాళ్లు అమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. వీడు అడగడం లేదు, వాళ్ల బండికి పనిచేసి పెడుతున్నాడు. మొన్న నా హెరాల్డ్ కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని, ఆయిల్ గన్ నిప్పుల్‌కి పెట్టి అడిగాడు.

"ఎంతసేపు కొట్టాలన్నయ్యా?"

"పైనుంచి ముందు నల్ల నూనె వస్తుంది. అది పోయి కొత్త నూనె కనిపించేదాకా కొట్టు. తరవాత కుడివైపుకి వెళ్లు."